బంతిపూల దండ, నూట ఇరవై ఆంప్స్

2024 శ్రావణమాసం మొదటి శుక్రవారం, ఉదయం తొమ్మిది గంటల ఇరవై నిమిషాలు. ఫిల్మ్‌నగర్‌లో ఒక సినిమా ఆఫీసు వాకిట్లో, ముహూర్తపు షాట్ సగంలో ఉండగా నా కారు ఆగిపోయింది.

నా కారంటే రిమోట్ కారు. కృష్ణానగర్‌లో వాటిని బాగుచేసే కొట్టు నాది. నేలబారున పరుగెత్తే షాట్ కావాలంటే సినిమావాళ్లు కారు నెత్తిన చిన్న కెమెరా బిగించి నా చేత నడిపిస్తారు. అక్షరాలు నాకు యాభై దాటాక వచ్చాయి, రాతలో తప్పులుంటే సర్దుకోండి.

ప్రొడక్షన్ మేనేజర్ నాగేంద్ర వారం నుంచీ నా ప్రాణం తోడేస్తున్నాడు.

"నూట ఇరవై ఆంప్స్ కంట్రోలర్ ఏం సరిపోద్దండీ మల్లయ్య గారూ? రెండొందలది పెట్టండి, దూసుకుపోద్ది."

"ఎన్నిసార్లు చెప్పాలె నీకు? ఆంప్స్‌తోని ఉరకదయ్యా అది!"

ఇక్కడ మీకూ చెప్పాలి. స్పీడ్ కంట్రోలర్ బ్యాటరీకీ మోటారుకూ మధ్య ఉంటుంది. రిమోట్ ఎంత నొక్కితే అంత కరెంటు వదులుతుంది. దానిమీద రాసిన ఆంప్స్ అది తట్టుకోగల కరెంటు, అంతే. వేగం మోటారుది, బ్యాటరీది, గేర్లది. ఎనభై లాగే మోటారుకు రెండొందలది పెట్టినా వేగం పెరగదు. నలభైది పెడితే వేడెక్కి ఆగుతుంది, లేదా కాలిపోతుంది. కెమెరా బరువుతో కదిలేటప్పుడు లాగుడు ఎక్కువని నేను నూట ఇరవైది పెట్టాను. ఇదంతా ఆ ఆఫీసులో గది గదికీ వెళ్లి చెప్పాను. విన్నవాడు లేడు.

కారు ఆగగానే నాగేంద్ర అందుకున్నాడు. "చెప్పానా లేదా?"

నిర్మాత సుబ్బారాయుడు గారి ముఖం మాడిపోయింది. ముహూర్తపు షాట్ పూర్తికాలేదని ఒక సినిమానే మానుకున్న మనిషి ఆయన. దర్శకురాలు హారికకు ఇది మొదటి సినిమా. ముహూర్తం దాటేలోపు షాట్ పూర్తికాకపోతే ఆమెకిక సినిమా లేదు.

బ్యాటరీ చూశాను, నిండుగా ఉంది. కంట్రోలర్ ఎర్రలైటు కొట్టుకుంటోంది. వేడెక్కి తనంతట తానే ఆగిందన్నమాట. కొట్లో ఇదే బరువుతో గంటసేపు తిప్పినా ఆగని బండి!

హారిక పక్కన గొంతుక్కూర్చుంది. "బాబాయ్ గారూ, పూలు ఉడికిన వాసన వస్తోందేంటి?"

అప్పుడు చూశాను. ప్రారంభం రోజున కంటికి కనబడ్డ ప్రతి సామానుకూ బొట్టు పెట్టి దండ వెయ్యడం వీళ్ల అలవాటు. నేను చేతులు కడుక్కొని వచ్చేలోపు కారుకూ వేశారు, అలంకారమే కదా అని నేను పట్టించుకోలేదు. దండ సరిగ్గా కంట్రోలర్ మీద పడింది. దారం కొస దాని ఫ్యాన్ రెక్కలకు చుట్టుకుంది. ఆపైన రిహార్సల్ అంటూ నాచేత తిప్పించిందే తిప్పించారు.

"ఎవడయ్యా దీనికి దండేసింది?"

"పూజ చేశాక వెయ్యరా ఏంటండీ?" అన్నాడు నాగేంద్ర.

నేను చెయ్యి పెట్టబోతే సుబ్బారాయుడు గారు కేక వేశారు. "ముట్టుకోకండి! షాట్ అవ్వకుండా దండ తీస్తారా ఎక్కడైనా?"

"తియ్యకుంటే అది గాడనే ఉంటది సార్. గాలి ఆడాలె దానికి."

"జర జల్దీ చాచా, టైమ్ అయిపోతోంది," అన్నాడు టోలిచౌకి నుంచి వచ్చే కెమెరామన్ ఇమ్రాన్.

హారిక లేచి నిర్మాత ముందు నిలబడింది. "అంకుల్, మనం దండ వేసింది షాట్ బాగా రావాలనే కదా? షాట్ నడిపేది ఈయన." ఆ దండ రెండు చేతులా తీసి నా మెడలో వేసేసింది. పెళ్లి తరువాత నా మెడలో దండ పడటం అదే మొదటిసారి.

సుబ్బారాయుడు గారు నా మెడలో దండ సర్దారు. "సరే. షాట్ అయ్యేదాకా మాత్రం ఆయన తియ్యకూడదు."

ఫ్యాన్ రెక్కల్లో తెగి మిగిలిన దారం పట్టకారుతో లాగాను. ఇమ్రాన్ హారతి పళ్లెంతో దానికి గాలి విసిరాడు. ఎర్రలైటు ఆరింది. ముహూర్తం ఇంకా ఉంది. మెడలో పూలు దురద పెడుతుంటే పళ్లు బిగబట్టి రిమోట్ నొక్కాను. కారు వాకిలి దాటి వెళ్లి హీరో కుర్రాడి పాదాల దగ్గర ఆగింది. హారిక "కట్" అని ఏడ్చేసింది.

నేర్చుకున్నది ఇదీ: కంట్రోలర్ మీద రాసిన అంకె దానికి గాలి ఆడినంత సేపే నిజం. అప్పటినుంచీ పూజకు కారు పైన తొడిగే ఖాళీ డొప్ప ఇస్తాను, బండి నా చంకలో ఉంటుంది. నాగేంద్ర మాత్రం ఇప్పటికీ రెండొందలది పెట్టమంటాడు.

ఆ రోజు అక్కడున్నవాళ్లం: నిర్మాత సుబ్బారాయుడు గారు, దర్శకురాలు హారిక, కెమెరామన్ ఇమ్రాన్, మేనేజర్ నాగేంద్ర, హీరో కుర్రాడు తేజ, పూజారి శేషాచార్యులు గారు, మెడలో బంతిపూల దండతో మల్లయ్యనైన నేను.