పెద్దరాయి మీద నుంచి రివర్స్

2022 డిసెంబరు. చింతపల్లి తీరంలో రాళ్ల మీద నడక చేయించే గైడుగా అప్పటికి నాది తొమ్మిదేళ్ల సర్వీసు. విజయనగరంలో ఉదయం బయలుదేరి సాయంత్రానికి తిరిగొచ్చే డే ట్రిప్ అది. మా పనంతా లో టైడ్, అంటే సముద్రం వెనక్కి తగ్గే వేళ మీదే నడుస్తుంది. కింది రాళ్లు ఆ కాసేపే బయటపడతాయి. టర్న్ అరౌండ్ టైమ్, అంటే వెనుదిరగాల్సిన సమయం, దాటితే ఎంతటివాళ్లనైనా కసురుతానని నాకు పేరు.

ఆ రోజు సాలూరు నుంచి ఒక జంట వచ్చారు. సూర్యారావు గారు ముప్పై ఏళ్లు లారీ నడిపి మానేశారు. ఆయన చూడని రేవు లేదు. భార్య సింహాచలమమ్మ గారు మాత్రం సముద్రం ముఖమే ఎరగరు.

"పెళ్లైన కొత్తల్లో సూపిస్తానన్నాను బాబూ. ఇన్నాళ్లకి కుదిరినాది" అని ఆయన తల దించుకున్నారు.

మోకాళ్ల నొప్పులతో ఆయన కిందే ఆగిపోయారు. ఆవిడ కుచ్చిళ్లు దోపుకుని, రెండు నిలువుల ఎత్తున్న పెద్దరాయి నాతోపాటు చకచకా ఎక్కేశారు. పైన సముద్రం వైపే చూస్తూ నిలబడిపోయారు. వేళైందన్నాను.

"ఇంకాసేపు సూడనీ నాయనా" అన్నారు.

ఎవరి మాటా వినని నేను ఆ గొంతుకి కరిగిపోయాను. తప్పు నాదే.

దిగబోయేసరికి నీళ్లు రాయి మొదలు తాకుతున్నాయి. కిందికి చూసి ఆవిడ కూలబడ్డారు. ముఖం రాయివైపు పెట్టి వెనక్కి దిగడం మా పద్ధతి. త్రీ పాయింట్ కాంటాక్ట్ అంటే, కాళ్లూ చేతులూ నాలుగింటిలో మూడు ఎప్పుడూ రాయిని పట్టుకునే ఉండాలి. చెప్పాను, చూపించాను, బతిమాలాను.

"నీ సదువు నాకు రాదు. కింద కాలెక్కడెయ్యాలో కనబడ్డం నేదు" అని కళ్లు గట్టిగా మూసుకున్నారు.

అప్పుడు కింద నుంచి కేక వినిపించింది.

"ఒసే సిమ్మాచలం! ఎనక్కి తిరుగు! నాను సూత్తన్నాను!"

సూర్యారావు గారు మోకాలి లోతు నీళ్లలోకి వచ్చేశారు. లారీ తొట్టిని కొట్టినట్టు అరచేత్తో రాయిని టపటపా కొడుతున్నారు.

"రానీ, రానీ... ఎడమ కొట్టు... ఇంకాసింత... హోల్డాన్!"

అవి లారీని రివర్స్ చేయించేటప్పుడు క్లీనర్ వేసే కేకలు. ఆవిడ కళ్లు తెరవకుండానే నవ్వారు. ఎడమకాలు కదిలింది. నేను పైనుంచి చెయ్యి పట్టుకున్నానంతే. ఆయన రానీ అంటే దిగారు, హోల్డాన్ అంటే ఆగారు.

ఇసుక మీదికి చేరాక కూడా ఆవిడ ఆయన చొక్కా వదల్లేదు.

"ముప్పై ఏళ్లు నివ్వు రోడ్డు మీద, నాను ఇంట్లో. నీ కేక ఇంత దగ్గర్నించి ఎప్పుడిన్నాను మావా?"

ఆయన ఏడ్చేశారు. సిగ్గెందుకు, నేనూ ఏడ్చాను.

ఆ తరువాత టర్న్ అరౌండ్ టైమ్ దగ్గర ఎవరికీ ఒక్క నిమిషం ఇవ్వలేదు. ఇంకొకటి కూడా మారింది. రాయి ఎక్కించే ముందు ప్రతి ఒక్కరినీ "కింద నిలబడడానికి మీ మనిషి ఎవరు?" అని అడుగుతాను. ఒంటరిగా వచ్చినవాళ్లకి ముందు టీ ఇప్పించి, ఊరూ పేరూ అడిగి, కాసేపు కబుర్లాడతాను. నా గొంతు వాళ్లకి అలవాటయ్యాకే రాయి ఎక్కిస్తాను.