చెప్పుల దగ్గర నిలబడి విన్న మేళం

మా బావ పోయాడన్న కబురు పెనుకొండ బస్టాండు ఎదుట టీ అంగడిలో ఉండగా తెలిసింది. హిందూపురం నుంచి మేనల్లుడు ఫోను చేసి, "మామా, నాయన పోయినాడు. నిద్రలోనే" అన్నాడు. వస్తానన్నాను. చేతిలో ఉన్న టీ తాగేశాను. పేపరులో సగం చదివిన వార్త మిగతా సగం కూడా చదివాను. అదేమిటో ఇప్పుడు గుర్తు లేదు. సోమందేపల్లి మీదుగా పోయే బస్సులో కిటికీ పక్కన కూర్చుని, ఏడుపు వస్తుందేమోనని చూశాను. రాలేదు. నెల దాటింది, ఇంకా రాలేదు.

ఆయన మా అక్క మొగుడు. ధర్మవరంలో మా మేనమామ పట్టుచీరలు నేయించి బెంగళూరు అంగళ్ళకు పంపేవాడు. ఆ మూటలు రైల్లో తీసుకుపోయి అప్పజెప్పే పని హిందూపురంలో ఉండే మా బావది. పని పది గంటలకల్లా అయిపోయేది. తిరుగు రైలు సాయంత్రం. మధ్యలో ఆ పగలంతా ఆయనది.

పట్నం పేరు చెబితే జేబు తడుముకునే వంశం మాది. బావ మాత్రం వేరు. "కాళ్ళుంటే చాలబ్బా. పట్నంలో సగం వేడుక రోడ్డు మీదనే ఉండాది" అనేవాడు. డిగ్రీ చేతబట్టుకుని ఉద్యోగం లేక ఇంట్లో అందరికీ అడ్డంగా ఉన్న నన్ను వెంట తీసుకుపోయేవాడు. మార్కెట్లో పూల బేరాలు చూసేవాళ్ళం. ఎండ ఎక్కువైతే కోర్టులోకి పోయి వెనక బెంచీ మీద కూర్చునేవాళ్ళం. ఎవరి కేసో మాకు తెలియదు. ఏ లాయరు గెలుస్తాడో బావ ముందే చెప్పేవాడు, కోటు చిరిగినవాడి వైపే ఎప్పుడూ ఉండేవాడు. పార్కులో బ్యాండు వాయిస్తుంటే గడ్డి మీద కూర్చుని, పెద్ద బాకా ఊదేవాడి బుగ్గలు చూసి, వీడు ఇంట్లో పొయ్యి కూడా ఇట్లానే ఊదుతాడా అని నవ్వేవాడు. సినిమా హాలు బయట అద్దాల పెట్టెలో అంటించిన ఫోటోలు చూసి కథంతా చెప్పేవాడు. ఆ సినిమాలు కొన్ని నేను తర్వాత చూశాను. బావ చెప్పిన కథే బాగుండేది.

పాత పుస్తకాలు అమ్మే వీధి ఒకటి ఉంది. అక్కడ ఒక అంగడి ముందు నన్ను నిలబెట్టి, "నువ్వు సదువుకోప్పా, నేను ఈయప్పతో మాట్లాడతాంటా" అనేవాడు. అంగడాయనతో కన్నడంలో వాన సంగతి, వేరుశనగ సంగతి, తుమకూరులో ఉన్న ఆయన కూతురి సంగతి మాట్లాడుతూ గంట గడిపేవాడు. ఆ గంటలో నేను నిలబడి ఒక అధ్యాయం ముగించేవాణ్ణి. వచ్చే వారం మళ్ళీ అదే పుస్తకం, తరువాతి అధ్యాయం. అంగడాయనకు తెలియకుండా ఉంటుందా? బావ కబుర్ల కోసం ఊరుకునేవాడు.

పెనుకొండలో నాకు రెండుసార్లు శాలువా కప్పారు. విస్తృతంగా చదివినవాడు అని మైకులో చెప్పారు. చెప్పినవారు నేను రాసినదేదీ చదివినవారు కారు, అది వేరే సంగతి. ఆ రెండుసార్లూ బావ చివరి వరుసలో కూర్చుని చప్పట్లు కొట్టాడు. నా చదువంతా ఎవరి నోటి చలవో నేను మైకులో చెప్పలేదు.

ఇక అసలు సంగతి.

బెంగళూరులో కల్యాణ మంటపాలు ఎక్కువ. ముహూర్తాల రోజుల్లో వీధికి రెండు చోట్ల నాదస్వరం మోగేది. బావకు అది ప్రాణం. గుమ్మం పక్కన, చెప్పులు విడిచే చోట నిలబడి వినేవాడు. ఎవరైనా లోపలికి రమ్మంటే చేతులు జోడించేవాడు. భోజనాల పిలుపు మొదలైతే చాలు, కదిలేవాడు. "వినేదానికి పిలుపు అక్కర్లేదబ్బా. ఆకు ముందర కూసోవల్లంటే మాత్రం పిలవల్ల" అనేవాడు. ఈ ఒక్క విషయంలో ఆయన నవ్వగా నేను చూడలేదు.

ఒక రోజు నాకు ఆకలిగా ఉంది. పొద్దున ఏమీ తినలేదు. బావ కళ్ళు మూసుకుని మేళం వింటున్నాడు. నేను లోపలికి పోయి బంతిలో కూర్చున్నాను. నన్ను ఎవరూ అడగలేదు. రసం అన్నం సగం తిన్నాక భుజం మీద చెయ్యి పడింది. బావ.

"లేయ్. చెయ్యి కడుక్కోను పో. మీ మామ వస్తాండాడు."

ఆ పెళ్ళి మామ దగ్గర చీరలు కొనే అంగడివారి బంధువులదని మా ఇద్దరికీ తెలియదు. పెళ్ళివారితో కలిసి మామ బంతి వెంట నడిచి వస్తున్నాడు. అప్పటికి నాకు మామ కూతుర్ని ఇచ్చే మాట నడుస్తోంది. నేను వెనక వైపుకు జారుకున్నాను. బంతి మధ్యలో సగం తిన్న ఆకు ఖాళీగా కనబడితే ఎవరు లేచిపోయారని అడుగుతారు కదా. కుళాయి దగ్గర నుంచి తిరిగి చూస్తే, బావ నా ఆకు ముందు కూర్చుని ఉన్నాడు. నేను కలిపి వదిలిన అన్నం, నా ఎంగిలి, ముద్ద చేసి నోట్లో పెట్టుకుంటున్నాడు. మామ ఆయన ముందు ఆగాడు. పెళ్ళివారి వైపు తిరిగి మా మనిషే అని నవ్వాడు.

తిరుగు రైల్లో, ఇంకా పెనుకొండ దాకా పోవలసిన నన్ను వదిలి హిందూపురంలో దిగబోతూ బావ అన్నాడు: "రసంలో ఉప్పు తక్కువైనాదబ్బా." మెట్టు మీద నిలబడి మళ్ళీ, "ఈ మాట ఇంట్లో వద్దు. నీకు పెళ్ళి కుదిరేది ఉండాది" అన్నాడు.

మామ మరుసటి వారమే మూటలు ఇవ్వడం మానేశాడు. "చీరలు ఇచ్చి రమ్మంటే మా మర్యాద గూడా ఇచ్చొచ్చినావే" అన్నాడట. ఆ మాట ధర్మవరం నుంచి హిందూపురం దాకా రైలుకన్నా ముందు చేరింది. బావ సైకిల్ స్టాండులో కూర్చున్నాడు, ఆ పనిలోనే ముసలివాడయ్యాడు. నాకు మామ కూతురితో పెళ్ళయింది. ముందు తిన్నది నేనని అక్కకు కూడా ఆయన చెప్పలేదు. ఏ పెళ్ళికి పోయినా ఆడవాళ్ళు అక్కను, "నీకు పిలుపు వచ్చినాదా, మీ ఆయప్ప మాదిరి వచ్చినావా" అని అడిగేవాళ్ళు. ఆ మాట పడుతూనే ఆమె కన్నుమూసింది. నేను పక్కనే ఉన్నాను.

పెళ్ళయ్యాక బావతో బెంగళూరు పోవడం మానేశాను. ఆయన మానలేదు. డెబ్బై దాటాక కూడా ఆదివారం పొద్దున రైలెక్కేవాడు. మాల్‌లో కదిలే మెట్ల మీద ఊరికే పైకి పోయి కిందికి వచ్చి, అదెట్లా ఉందో నాకు చెప్పేవాడు. పోయిన కార్తీకంలో, బసవనగుడి వీధుల్లో వేరుశనగల జాతర చూద్దాం రమ్మన్నాడు. మన చేలల్లో పండేదే కదా, ఇక్కడినుంచి అక్కడికి పోయి చూసేదేముంది అన్నాను. "ఆడ అది దిబ్బలు దిబ్బలుగా పోసి ఉంటాదబ్బా. మన సేన్లో యాడ అట్లా చూసినాం" అన్నాడు. నేను పోలేదు.

దివసాల నాడు, పెద్దకర్మ భోజనాలకు, ఆయన ఇంటి ముందు షామియానా వేసి బంతులు వేశారు. మామ ఏనాడో పోయాడు, ఆయన కొడుకు నా పక్క ఆకు ముందు కూర్చున్నాడు. ఆకు నీళ్ళతో తుడుచుకుంటూ, "ఆయప్ప పిలవని తావ తినె. ఈ పొద్దు మనల్నందర్నీ పిలిచి పెడతాండాడు" అన్నాడు. బంతి నవ్వింది. నీళ్ళు పోస్తున్న మేనల్లుడు తల ఎత్తలేదు.

"ఆ పొద్దు తినింది నేను" అన్నాను. "ఆ ఆకు నాది. నన్ను లేపి ఆయన కూసున్న్యాడు."

బావమరిది నా భుజం తట్టి, "సర్లే బావా. పోయినోళ్ళను వెనకేసుకు రావల్ల, తప్పు లేదు" అన్నాడు. మేనల్లుడు వంగి మెల్లగా, "చాల్లే మామా. నాయనంటే నీకెంత ఇదో మాకు తెలుసు" అన్నాడు. ముప్పై ఏళ్ళ కిందట చెప్పి ఉంటే నన్ను కొట్టేవారు. ఇప్పుడు మెచ్చుకున్నారు. అందుకే ఇది అచ్చులో పెడుతున్నాను. చదివినవారైనా నమ్మండి.

నమ్మిన మనిషి ఒకతె ఉంది. నా భార్య అన్నం గిన్నెతో వడ్డిస్తూ వచ్చి నా ఆకు ముందు నిలబడింది. నా ముఖం చూసింది. వడ్డించకుండా పక్క ఆకుకు పోయింది.

నేను లేచాను. చెయ్యి కడుక్కోవలసిన పని లేదు, పొడిగానే ఉంది. బస్టాండు వైపు నడుస్తుంటే పక్క వీధిలోని ఫంక్షన్ హాలులో మేళం వినిపించింది. పోయి నా చెప్పులు కూడా విడిచి, గుమ్మం పక్కన, చెప్పుల దగ్గర నిలబడ్డాను. ఎవరో కుర్తా వేసుకున్నాయన లోపలికి రమ్మన్నాడు. చేతులు జోడించాను. నాదస్వరం వాయించేవాడికి నా వయసే ఉంటుంది. ఒక పాట ముగించి, వాద్యం పీక తుడుచుకుని, మరొకటి ఎత్తుకున్నాడు. బాగా వాయించాడనే అనుకుంటాను. నాకు తెలియలేదు.

మేళం ఆగింది. లోపల బంతి కూర్చుంటున్న చప్పుడు వినిపించింది. నేను చెప్పులు వెతుక్కున్నాను.