నలుసులు

స్కానింగ్ గదిలో సూది వేసే ఆయన్ని అందరూ సూది బాబాయ్ అంటారు. ప్లాస్టర్ ముక్కలు ముందే కత్తిరించి బల్ల అంచుకు అంటించుకోవడం, మందు సీసాని అరచేతుల మధ్య దొర్లించి వెచ్చబెట్టడం ఆయన అలవాట్లు. ఆ మందులో ఉండే నానో పార్టికల్స్ పేరు చెబితే జనం బెదిరిపోతున్నారని తనే ఒక మాట వెతుక్కున్నాడు. "ఇవి కంటికి కనపడని నలుసులమ్మా. ఒళ్ళంతా తిరిగి, ఎక్కడ కేన్సర్ గడ్డ ఉంటే అక్కడ నిలుస్తాయి. తెర మీద మెరుస్తాయి." ఏళ్ళ తరబడి ఇదే పాఠం. ఫలితం అడిగితే మాత్రం పెదవి విప్పడు. "డాక్టరు గారు చెప్తారు" అని గోడ గడియారం వైపు చూస్తాడు.

నిన్న పొద్దున నలభై దాటిన ఒక దర్జీ ఆవిడ పొత్తికడుపు స్కాన్‌కి ఒక్కతే వచ్చింది. పాఠమంతా విని నవ్వింది. "పద్దెనిమిదేళ్ళ కాపురంలో నా కడుపున ఒక్క నలుసు నిలవలేదు బాబాయ్. ఇవి మాత్రం నిలుస్తాయా?" అరచేతుల మధ్య సీసా ఆగిపోయింది. "నిలవకూడదనే కోరుకోమ్మా," అన్నాడు. "ఇన్నేళ్ళూ నిలవాలనే కోరుకున్నాను. ఇప్పుడు ఇలా కోరుకోవడం నాకు చేతకావడం లేదు," అంది. మధ్యాహ్నం తెర మీద ఆమె కడుపు చుక్కలు చుక్కలుగా మెరిసింది. బల్ల దిగి చెప్పులు వేసుకుంటూ, "నిలిచాయా బాబాయ్?" అని అడిగింది. ఆయన గడియారం వైపు చూశాడు. ఆ తర్వాత వచ్చిన పెద్దాయన, "ఏం మందయ్యా ఇది?" అన్నాడు. బాబాయ్ సీసాని చాలాసేపు దొర్లించాడు. "ఏదో పొడి కలిపిన మందండీ," అన్నాడు.