నుదుటి వరస

పాత చరిత్ర పుస్తకాల్లో ఐరోపా రాజుల బొమ్మలు తిరగేస్తే ఒక సంగతి బయటపడుతుంది: సగం మంది నెత్తి మీద ఉన్నది వాళ్ళది కాదు. ఎవరో గతిలేక అమ్ముకున్న జుట్టును ఇంకెవరో కళ్ళు పోగొట్టుకుని ముడివేస్తే, దొరవారు దాన్ని పెట్టుకుని ఠీవిగా కూర్చునేవారు. ముడివేసినవాళ్ళ బొమ్మ ఏ పుస్తకంలోనూ ఉండదు.

నాటకాలకు విగ్గులు కట్టే ఆ కొట్టులోనూ అదే తంతు. రైల్వే స్టేషను వెనక సందులో, తాళాలు బాగుచేసేవాడికీ జిరాక్సు షాపుకూ మధ్య ఇరుక్కున్న ఒకే ఒక్క గది. బోర్డు మీద ఏం రాసి ఉన్నా జనం నోట మాత్రం అది తోడికోడళ్ళ కొట్టు. కిటికీ పక్క కుర్చీ పెద్దకోడలిది, గుమ్మం పక్క స్టూలు చిన్నకోడలిది. సన్నటి వలగుడ్డ మీద చిన్న కొక్కెంతో ఒక్కొక్క వెంట్రుకనే లాగి ముడివేయాలి. వెనక భాగం ఓపిక ఉన్న ఎవరైనా కట్టగలరు. అది చిన్నకోడలి వాటా. నుదుటి వరస సంగతి వేరు. నుదురు ఆగి జుట్టు మొదలయ్యే చోట వెంట్రుకలు మొలిచినట్టుండాలి గాని, కట్టినట్టుండకూడదు. దాన్ని పెద్దకోడలు తప్ప ఎవరూ ముట్టుకోరు.

అయితే ఎవరు ఏది కట్టారన్నది గుమ్మం దాటి వెళ్ళదు. గుమ్మం దగ్గర ఎవరుంటే వాళ్ళే మెప్పు పుచ్చుకుంటారు, తిట్లూ వాళ్ళే తింటారు. కోడళ్ళ మధ్య తగవులు రాకూడదని పోయిన అత్తగారు పెట్టిన పద్ధతి అది.

ఆ రోజు పెద్దకోడలు పన్ను పీకించుకోవడానికి వెళ్ళింది. పరదేశపు నాటక కంపెనీ మేనేజరొకాయన కొట్టులోకి వచ్చి, ముసలిరాజు విగ్గు ముందంచును వేలితో తడిమి, "ఇది కట్టింది మీరేనా?" అని వెంటవచ్చిన దుబాసీ చేత అడిగించాడు. పద్ధతి ప్రకారం చిన్నకోడలు తలూపింది. అంతవరకూ తప్పేమీ లేదు. "ఇది కట్టినవాళ్ళే మాకు కావాలి. మూడు నెలల పని. తాత్కాలిక వీసాకు మేం పత్రాలు పంపుతాం. పేరు చెప్పండి" అన్నాడాయన. పద్ధతి అక్కడితో చెల్లిపోయిందని ఆమెకు తెలుసు. తెలిసి కూడా తన పేరే చెప్పింది.

"మన కొట్టు నుంచి ఒకరిని రమ్మన్నారక్కా. నా పేరిచ్చాను" అంది సాయంత్రం, వల సర్దుతున్నట్టు తలవంచుకుని.

"మంచి పని చేశావే. ఈ దవడేసుకుని నేనెక్కడికి పోతాను!" అని పెద్దకోడలు వాచిన బుగ్గ పట్టుకుని నవ్వింది.

ఆ నవ్వు చిన్నకోడలికి ముల్లులా దిగింది. దిగి ఊరుకోలేదు, ప్రతిరోజూ కాస్త లోపలికి పోయింది. ఎందుకంటే పెద్దకోడలు ఆ వీసా పనిని తన పనిలా నెత్తిన వేసుకుంది. ఫోటోకు తనే దగ్గరుండి దువ్వింది.

"చెవులు కనబడాలటే. ఈ ప్రభుత్వాలకు చెవులతో ఏం పనో!"

"చెప్పింది వింటుందో లేదో చూసుకోవడానికి వదినా" అన్నాడు చిన్నకోడలి మొగుడు. "మా ఇంట్లో ఆ పరీక్ష ఎప్పుడో ఫెయిలైంది."

"నువ్వు నోరుమూసుకుని టోపీ పెట్టుకో మరిదీ. విగ్గుల కొట్టులో బోడిగుండు తిరుగుతుంటే బేరం నిలుస్తుందా?"

అందరూ నవ్వారు. చిన్నకోడలు కూడా నవ్వింది, ముఖం నొప్పెట్టేలా.

తర్వాతి వారం కంపెనీ నుంచి ఇంకో మాట వచ్చింది. మొగుడు పాపం ఏమీ తెలియక కొట్టు మధ్యలో నిలబడి ఫోనులోంచి పైకి చదివేశాడు. పనితనానికి రుజువుగా దరఖాస్తుతోపాటు వీడియో పెట్టాలట. నుదుటి వరస కడుతుండగా తీయాలట. చేతులు కనబడితే చాలు, మధ్యలో ఆపకూడదు.

"నుదుటి వరసా?" అంది పెద్దకోడలు. చేతిలో కొక్కెం ఆగలేదు. చేతిలో ఉన్న వెంట్రుక ముడి బిగించి, కొస కత్తిరించి, అప్పుడు తలెత్తింది.

"అక్కా, వాళ్ళు ఏదో పొరపాటుగా..."

"నీ గాజులు తియ్యి."

"ఎందుకక్కా?"

"నా చేతులకు వేసుకోవడానికి. ఆ మేనేజరు నిన్ను చూశాడుగా."

పెద్దకోడలి చేతులు కాస్త లావు. సబ్బునీళ్ళు రాసుకుని, పళ్ళు బిగబట్టి, గాజులు ఒక్కొక్కటే ఎక్కించుకుంది. మరిది ఊపిరి బిగబట్టి ఫోను పట్టుకున్నాడు. వల మీద వెంట్రుకలు ఒకటి అటు వాలి, ఒకటి ఇటు వాలి, నిజంగా మొలుస్తున్నట్టే లేచాయి. తన గాజులు తనకు రాని పని చేస్తుంటే చిన్నకోడలు గుడ్లప్పగించి చూసింది. ఆపమని ఒక్క మాటంటే చాలు.

వీసా ఆఫీసులన్నీ ఒక్క తల్లి పిల్లలు. నేలకు బిగించిన కుర్చీలు, గొలుసుతో కట్టేసిన పెన్ను, తప్పు చేయనివాళ్ళను కూడా తడబడేలా చేసే ఆ నిశ్శబ్దం. చేసినవాళ్ళ సంగతి చెప్పేదేముంది! అద్దం వెనక ఉన్నావిడ కంప్యూటరు తెర వైపు చూస్తూ అడిగింది.

"వీడియోలో చేతులు మీవేనా అండీ?"

గాజులు గలగలమనకుండా చిన్నకోడలు చేతులు ఒళ్ళో అదిమిపెట్టుకుంది. "నావే."

"ఎంత బాగా కడుతున్నారండీ! వేళ్ళు ఇక్కడ పెట్టండి."

వేలిముద్రల యంత్రం పచ్చగా వెలిగి ఒప్పుకుంది. ఆ వేళ్ళు ఎవరివో దానికి తెలుసు. వాటికేం చేతనవుతుందో తెలియదు.

వీసా వచ్చింది. పాస్‌పోర్టు తెచ్చి పెద్దకోడలి ముందు పెడితే ఆవిడ కొంగుతో చేతులు తుడుచుకుని, తిప్పి చూసి, భద్రంగా తిరిగిచ్చింది.

"నన్ను తిట్టక్కా."

"తిడితే నీకు హాయిగా ఉంటుంది. నేనెందుకు తిట్టాలి?" పెద్దకోడలు గొంతు పెంచలేదు. "మొదటిరోజే ఉన్నది ఉన్నట్టు చెప్పుంటే పేరు మార్పించుకునేవాళ్ళం. ఇప్పుడు బయటపడితే ఈ గుమ్మం ఎవరెక్కుతారు? కొట్టు పరువు కోసం చేశాను, నీ కోసం కాదు. లే, ఇలా వచ్చి నా కుర్చీలో కూర్చో."

ఆ రోజు నుంచి కిటికీ దగ్గర చిన్నకోడలు. ఆమె ఒక వరస కట్టేది. పెద్దకోడలు వెలుతురుకు పట్టి చూసి, మొత్తం పీకేసేది.

"ఇవి వెంట్రుకలా? చీపురు పుల్లలా? మళ్ళీ కట్టు."

మళ్ళీ కట్టేది. మళ్ళీ పీకేది. వేళ్ళ కొసలు కొక్కెం గుచ్చుకుని ఎర్రబడ్డాయి. ఆ నొప్పి ఒక్కటే ఆమెకు కాస్త నిమ్మళంగా అనిపించేది. ప్రయాణం దగ్గరపడ్డ ఒక ఉదయం, ముడి మధ్యలో, అడగకూడదని ఇన్నాళ్ళూ ఆపుకున్న మాట అడిగేసింది.

"అక్కా, నిన్నే పిలిచుంటే వెళ్ళేదానివా?"

పెద్దకోడలు గుమ్మం పక్క స్టూలు మీద, విగ్గు వెనక భాగం కడుతోంది. తలెత్తలేదు.

"వెళ్ళేదాన్ని. ఎందుకు వెళ్ళను? మూడు నెలలు వేరే కిటికీలోంచి చూద్దామని నాకు మాత్రం ఉండదా?" అంది. కొక్కెం పక్కన పెట్టి, "చూపించు ఆ వరస" అని చెయ్యి చాపింది.

వెలుతురుకు పట్టి చూసింది. ఈసారి సగమే పీకింది.