వాయిదాకి నున్నటి మొహం

కత్తెర బాబాయ్ అని ఆయనకి పేరు పెట్టింది హోములో కుర్రాళ్ళు. నేరం చేశారని పోలీసులు పట్టుకొచ్చిన మైనరు పిల్లల్ని విచారణ తేలేదాకా ఉంచే హోము అది. ఆయనకి సందు మొదట్లో రెండు కుర్చీల సెలూన్ ఉంది. వారానికోసారి దానికి షట్టర్ దించేసి, సంచీ భుజాన వేసుకుని హోముకి వెళ్ళేవాడు. వరండాలో స్టూలు వేసి, ఒక్కొక్కణ్ణీ కూర్చోబెట్టి జుట్టు కత్తిరించేవాడు.

"ఒరేయ్, కుదురుగా కూర్చో. చెవి తెగితే కుట్టడం నాకు రాదు."

"బాబాయ్, సినిమా హీరోలా చెయ్యవా?"

"ముందు దేవుడు మొహం అలా ఇవ్వాలి కదరా. నా చేతిలో ఉన్నది జుట్టే."

కుర్రాళ్ళు పొట్ట పట్టుకుని నవ్వేవాళ్ళు. వాళ్ళేం చేసొచ్చారో ఆయన ఎప్పుడూ అడగలేదు. సబ్బు నురగ పూసినప్పుడు గిలిగింతలకి మెలికలు తిరిగేవాణ్ణి చూస్తే అడగాలనిపించేది కాదు కూడా. ఇంట్లో భార్య మాత్రం, "ఆ దొంగవెధవల తలలు పట్టుకున్న చేత్తో అన్నం తినకు, ముందు స్నానం చెయ్" అని గుమ్మంలోనే ఆపేది.

వాయిదా ఉన్న రోజున మాత్రం హోము సూపరింటెండెంట్ పొద్దున్నే కబురు పెట్టేవాడు. కోర్టుకి వెళ్ళే కుర్రాళ్ళకి గడ్డం, మీసం నున్నగా తీసెయ్యాలి. శుభ్రత కోసమే కాబోలనుకుని చాలాకాలం గీశాడు బాబాయ్. ఒకసారి సూపరింటెండెంటే అసలు సంగతి చెప్పాడు.

"పెద్ద నేరమైతే, పదహారు దాటినవాణ్ణి పిల్లాడిగా విచారించాలా, పెద్దవాడిగానా అని ముందు బెంచీ తేలుస్తుందయ్యా. పిల్లాడంటే ఇక్కడిక్కడే సరిపెడతారు. పెద్దవాడన్నారా, పెద్ద కోర్టు, పెద్ద జైలు."

"మొహం చూసి తేలుస్తారా సార్?"

"డాక్టరు రిపోర్టు ఉంటుందిలే. అయినా వాళ్ళకీ కళ్ళున్నాయిగా."

ఆ మాట బాబాయ్‌కి గొంతులో వెంట్రుక పడ్డట్టే ఉంది. అయినా పని మానలేదు. నా గీతతో ఒకడు బయటపడితే మంచిదే కదా అని సర్దిచెప్పుకున్నాడు.

అప్పుడే హోముకి ఇద్దరు స్నేహితులు వచ్చారు. పాత ఇనుము గోడౌన్లో దొంగతనానికి దూరారు. కాపలా ముసలాయన అడ్డొచ్చాడు. ఇద్దరిలో ఎవరో ఇనప కడ్డీతో కొట్టారు. ముసలాయన ఆసుపత్రిలో పోయాడు. కొట్టింది ఎవరన్నది తేలలేదు. మొదట నువ్వంటే నువ్వనుకున్నారు, తర్వాత ఇద్దరూ నోరు మెదపడం మానేశారు.

వాళ్ళలో ఒకడు బుగ్గలోడు. పాలుగారే మొహం, వెంట్రుక జాడ లేదు. ఇద్దరికీ పదహారు దాటాయి, వయసులో వాడే కొన్ని నెలలు పెద్ద. తండ్రి కాంట్రాక్టరు, పెద్ద లాయర్ని పెట్టాడు. రెండోవాడు పొడుగోడు. మనిషి తాడిలా పెరిగాడు, గడ్డం దట్టంగా ముందే వచ్చేసింది. తల్లి బట్టల మిల్లులో షిఫ్టు పని. వాడికి కోర్టువాళ్ళే ఒక లాయర్ని ఇచ్చారు.

వాయిదా రోజు పొద్దున మీసం తీస్తానంటే పొడుగోడు మూతి తిప్పేసుకున్నాడు.

"వద్దు బాబాయ్. ఇదొక్కటే ఉంది నాకు."

"మళ్ళీ వస్తుందిరా నాన్నా. పోయేది నీ బతుకు. ఇటు తిరుగు."

గడ్డం పట్టుకుని బలవంతంగానే గీశాడు. వాడి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వాడి లాయరు వచ్చి, మొహం అటూ ఇటూ తిప్పి చూసి, "పర్లేదు. నువ్వు కూడా కోర్టుకి రావయ్యా, సంచీ తెచ్చుకో. వీడి గడ్డం సాయంత్రానికల్లా పచ్చగా తేలుతుంది" అన్నాడు.

సరిగ్గా అలాగే అయింది. పొద్దున్నే పిలవాల్సిన కేసుని పిలవలేదు. మేజిస్ట్రేటు మేడమ్ ఎవరి సన్మానానికో వెళ్ళి, మధ్యాహ్నం భోజనాలయ్యాక వచ్చింది. వరండా బల్లమీద పిల్లలు తిండీ నీళ్ళూ లేకుండా కూర్చున్నారు. చనిపోయిన ముసలాయన కూతురు ఎదురు బల్లమీద ఒక్కర్తే కూర్చుని ఉంది. ఆమెని పలకరించినవాళ్ళు లేరు. ఎందుకొచ్చావమ్మా అని అడిగినవాళ్ళూ లేరు. పొడుగోడి తల్లి ఆమె వైపు చూడలేక గోడవైపు తిరిగి నిలబడింది.

కేసు పిలిచే వేళకి లాయరు పరుగున వచ్చాడు. "ఏమయ్యా, ఇంకోసారి చెయ్యి వెయ్యి. త్వరగా."

చోటు లేదు. పొడుగోణ్ణి బాత్రూంలోకి తీసుకెళ్ళారు. కంపు గుప్పుమంది. కుళాయి తిప్పితే గాలి వచ్చింది తప్ప నీళ్ళు రాలేదు. కాలి కింద ఏం తగులుతోందో చూడదలచుకోలేదు. కానిస్టేబుల్ ఒక చేత్తో కుర్రాడి మణికట్టు, ఇంకో చేత్తో తన ముక్కు పట్టుకున్నాడు. తల్లి ఇచ్చిన తాగే నీళ్ళ సీసాతోనే తడిపి గీయడం మొదలుపెట్టాడు బాబాయ్. తడి చాలక బ్లేడు బరబరా లాగింది. గుమ్మంలో నిలబడ్డ లాయరు ఫోన్లో ఎవరితోనో రాత్రి పార్టీ గురించి మాట్లాడుతూ, మధ్యలో "కానీ, కానీ" అంటున్నాడు.

ఇన్నేళ్ళలో ఒక మనిషి మొహం ముట్టుకోవడానికి బాబాయ్‌కి అసహ్యం వేయడం అదే మొదటిసారి. కుర్రాడి మీద కాదు. తన చెయ్యే తనకి జిడ్డుగా, పరాయిగా అనిపించింది.

పిల్లల కేసుల్లో బయటివాళ్ళని లోపలికి రానివ్వరు. బాబాయ్ సంచీతో గుమ్మం దగ్గరే నిలబడిపోయాడు. ఓరగా ఉన్న తలుపులోంచి అంతా వినిపించింది. మేడమ్ పక్కన బెంచీ మీద ఇంకో ఇద్దరు సభ్యులున్నారు. ఒకాయన తల ఎత్తకుండా సంతకాలు చేసుకుంటూ పోతున్నాడు. రెండో ఆయన ఆవులింతని అరచేత్తో మూసుకున్నాడు.

ముందు బుగ్గలోణ్ణి పిలిచారు.

"కొడితే మనిషి చచ్చిపోతాడని నీకు తెలుసా బాబూ?"

"తెలీదండీ" అని వాడు వెక్కివెక్కి ఏడ్చాడు. వాడి లాయరు నేర్పిన ఏడుపు నేర్పినట్టే వచ్చింది. మేడమ్ మంచినీళ్ళు తెప్పించింది.

తర్వాత పొడుగోడు.

"చేసింది తప్పని తెలుసా?"

"తెలుసండీ."

"దెబ్బ తగిలితే చచ్చిపోతాడని తెలుసా?"

"తెలుసండీ. అందుకే నాకు నిద్ర పట్టట్లేదు."

"చూశారా, ఎంత స్పష్టంగా చెబుతున్నాడో" అంది మేడమ్ పక్కవాళ్ళతో. "అన్నీ తెలిసినవాడే." డాక్టరు రిపోర్టు తిరగేసింది. తిరగేయడానికి ఒక కాగితమే ఉంది. మనిషిని ఎగాదిగా చూసింది. అంతే, పొడుగోడు పెద్దవాడైపోయాడు. బుగ్గలోడు పిల్లాడిగా మిగిలాడు. ఒక సీరియల్ ఎపిసోడంత సేపైనా పట్టలేదు.

బయటికొచ్చిన లాయరు చేతులు దులుపుకున్నాడు. "గడ్డం గీయించాం గానీ నోరు గీయించలేకపోయాం" అని జోకు వేశాడు. పక్కనున్న గుమస్తా పకపకా నవ్వాడు.

బాబాయ్‌కి మండింది. "నిజం చెప్పాడు కదా సార్ పిల్లాడు!"

"నిజం చెప్పమని వాడికెవడు చెప్పాడయ్యా?"

ఆ మాటతో బాబాయ్ వరండా చివరికి వెళ్ళి, మెట్ల పక్కన భళ్ళున కక్కేశాడు. ముసలాయన కూతురు వచ్చి వీపు నిమిరింది. "లోపల ఏమన్నారు బాబాయ్ గారూ? నాకెవరూ చెప్పలేదు" అంది. ఆయన చెప్పాడు. ఆవిడకి సంతోషమూ కలగలేదు, దుఃఖమూ తీరలేదు. "అయితే కొట్టింది ఎవరో తేల్చలేదా?" అని మాత్రం అడిగింది.

"దాని జోలికే పోలేదమ్మా."

బుగ్గలోడికి కొన్నాళ్ళు పార్కులో మొక్కలకి నీళ్ళు పోయమని చెప్పి ఇంటికి పంపారు. పొడుగోడికి పెద్ద కోర్టు ఏడేళ్ళు వేసింది. చట్టం చెప్పిన వయసు నిండగానే పెద్ద జైలుకి మార్చేశారు. బాబాయ్ సూపరింటెండెంట్ దగ్గరికెళ్ళి, "జుట్టు కత్తిరిస్తాను సార్. వాయిదాకి మొహాలు తయారుచేసే పని మాత్రం నావల్ల కాదు" అన్నాడు. ఆయన కోప్పడలేదు. మరుసటి వారం నుంచి ట్రిమ్మరుతో ఇంకొకణ్ణి పెట్టుకున్నాడు.

ఒకరోజు బుగ్గలోడి తండ్రి సెలూనుకి వచ్చాడు, కొడుకు కాలేజీలో చేరాడని మిఠాయి డబ్బా పట్టుకుని. మనిషి మర్యాదస్తుడే. "మావాడు మిమ్మల్ని ఎప్పుడూ తలుచుకుంటాడండీ" అన్నాడు. బాబాయ్ ఆయనకి గడ్డం గీశాడు, డబ్బా తీసుకున్నాడు, ఆయన సందు దాటగానే మురిక్కాలవలో పారేశాడు.

"తినేదాని మీద కోపమేంటి? ఆ పిల్లాడేం చేశాడు నిన్ను?" అంది భార్య.

"వాడి మీద కాదే. వాడూ పిల్లాడే, బయటపడాల్సిందే. ఇద్దరూ పిల్లలేనే! అంత చదువుకున్నవాళ్ళు ముగ్గురు కూర్చుని, మొహాలు చూసి బేరం తేల్చినట్టు తేల్చారు. తలుచుకుంటే ఒళ్ళంతా కంపరం."

ఆ వారం జైల్లో ములాఖత్ రోజున, పొడుగోడి తల్లికి మిల్లులో సెలవు దొరకలేదని తెలిసి, భార్యే రెండు జతల లోపలి బట్టలు, ఒక సబ్బు సంచీలో సర్ది ఆయన చేతికిచ్చింది. ఆయన వరసలో నిలబడి, గేటు దగ్గర పొడుగోడి పేరు చెప్పాడు. "నువ్వు వాడికేమవుతావు?" అని అడిగాడు వార్డరు.

"బాబాయ్‌ని" అన్నాడాయన.