తాడు ఎవరి చేతికివ్వాలో తెలిసిన మనిషి

రామేశ్వరం నుంచి కార్డు వచ్చింది. "పోయిన సోమవారం మధ్యాహ్నం మా నాయన అన్నం తిని మంచం మీద ఒరిగినాడు, మళ్ళీ లేవలేదు" అని కూతురు అరవంలో రాసింది. చిత్తూరులో పుట్టినదాన్ని కాబట్టి చదువుకోగలిగినాను. చదివి ముందు చేసిన పని ఏడవడం కాదు, హమ్మయ్య అనుకోవడం. బతుకంతా సముద్రం అడుక్కి దిగి లేచిన మనిషి, పొడి నేల మీద, కడుపు నిండా తిని, నులక మంచంలో పోయినాడు. సముద్రం నోటికి చిక్కలేదు. ఏడుపు సాయంత్రం వచ్చింది, అదీ కొంచెమే.

ఆయన నాకు బంధువు కాదు. నన్ను సముద్రంలోకి దించి, మళ్ళీ పైకి తెచ్చిన గైడు. మా ఇంట్లో అందరం గైడన్న అనేవాళ్ళం. ఈ రెండో పని, అంటే పైకి తేవడం, ఆయన ఎట్లా చేసినాడో చెప్పాలనే ఇది రాస్తున్నాను.

అప్పట్లో నేను తిరుపతిలో ఆడపిల్లల కాలేజీలో జంతుశాస్త్రం చెప్పేదాన్ని. ఏటా ఒక ఫార్మలిన్ సీసా ఎత్తి చూపించి "ఇది పగడం, ఇది ప్రాణి" అనేదాన్ని. సున్నపు గడ్డలాంటి ఆ ముక్కను చూసి పిల్లలు నా మీద గౌరవంతో తలలూపేవాళ్ళు. చెప్పే నాకే నమ్మకం లేదు. బతికున్న పగడాన్ని ఒక్కసారైనా చూడకుండా రిటైరవుతానేమోనని బెంగగా ఉండేది. రామేశ్వరంలో గాలి సిలిండరు కట్టి కొత్తవాళ్ళను కూడా నీళ్ళ కిందికి తీసుకుపోతారని తోటి లెక్చరరు చెప్పింది. ఆ వేసవి సెలవుల్లోనే, ఇద్దరు బిడ్డల్ని మా అమ్మ దగ్గర వదిలి, రేణిగుంటలో రైలెక్కినాము, నేను, మా ఆయన, మా వదిన.

వదిన అంటే మా ఆయనకు అక్క. మాతోనే ఉండేది. యాత్ర అని చెప్పింది గానీ వచ్చింది నాకు కాపలాగా. అప్పటికి రెండు నెలలుగా నాకూ ఆమెకూ మాటల్లేవు. కారణం చిన్నదే. పరీక్షల హడావుడిలో కప్ప ఉన్న సీసాను వంటింట్లో ఆవకాయ జాడీ పక్కన పెట్టి మరిచిపోయినాను.

రామేశ్వరంలో ఒక సత్రంలో దిగినాము. ఒడ్డున గైడు దొరకడం కష్టం కాలేదు. మంచి గైడు దొరకడమే కష్టమైంది. ఒకాయన తాను పట్టిన చేప ఫోటో చూపించి "ఇప్పుడే పోదాం రండి" అన్నాడు. ఇంకొకాయన నా వైపు చూడకుండా మా ఆయన్ని నా బరువెంతని అడిగినాడు. చివరికి టీ అంగడి ఆమె, "తెలుగాయన ఒకడుండాడు, తడ వైపు నుంచి వచ్చినాడు. కానీ తొందరగా ఒప్పుకోడు" అనింది.

పోయి చూస్తే, యాభై దాటిన మనిషి, గాలి పీల్చే గొట్టాన్ని మంచినీళ్ళతో కడుగుతున్నాడు. ఆ ఊళ్ళో మంచినీళ్ళంటే నెయ్యి లెక్క. కడిగి, తుడిచి, నీడలో వేలాడదీసినాడు. ల్యాబులో ఇరవై ఏళ్ళు ఉన్నదాన్ని, పనిముట్టును అట్లా చూసుకునేవాణ్ణి నమ్మొచ్చని నాకు తెలుసు.

"అన్నా, నన్ను దించుతావా?"

"ఎందుకమ్మా?"

"పగడం చూడాల. పిల్లలకు చచ్చినదాన్నే చూపిస్తా ఉండాను."

"పదమూడో ఎక్కం చెప్పు" అన్నాడు.

మొదలుపెట్టినాను. పదమూడు ఇంటూ ఏడు దగ్గర ఆగిపోయినాను. మా ఆయన తల తిప్పుకున్నాడు.

"లెక్క తప్పినా ఫరవాలేదమ్మా. ముక్కు బాగుండాది. జలుబుంటే మాటలోనే తెలిసిపోతాది. జలుబుతో దిగితే చెవులు పోతాయి."

రెండు రోజులు నన్ను నడుం లోతు నీళ్ళలో ముంచి కూర్చోబెట్టినాడు. నా ఒంటి మీద మా ఆయన పైజామా, ఫుల్ చొక్కా, కళ్ళూ ముక్కూ కప్పే అద్దం, నోట్లో గొట్టం. చేపలమ్మే ఆడవాళ్ళు బుట్టలు దించుకుని మరీ చూసినారు. గైడన్న పక్కనే నిలబడి ఒకే మాట చెప్పేవాడు. "నీళ్ళ కింద మనకు రెండే పనులమ్మా. ఊపిరి తీసుకోవడం, ఊపిరి వదలడం. చూడడం మూడోది, తీరిక మిగిల్తే." ఇంకొకటి కూడా. "పైకొచ్చేటప్పుడు మాత్రం గాలి బిగబట్టొద్దు. పైకొచ్చే కొద్దీ లోపల గాలి ఉబ్బుతాది, ఊపిరితిత్తి చిరుగుతాది. పొయ్యి ఊదినట్టు ఊదుతా రా. నిదానంగా రా."

మూడో రోజు పొద్దున పడవలో పోయినాము. నా నడుముకు తాడు కట్టినాడు. రెండో కొస పట్టుకోవడానికి మా ఆయన చెయ్యి చాచినాడు.

"నువ్వొద్దు సామీ" అన్నాడు గైడన్న.

"ఏం, నేను మొగుణ్ణి కదా?"

"అందుకే. ఈడ శంఖాలకు దిగేవాడి తాడు వాడి బావమరిది పట్టుకుంటాడు. తాడు జారితే అక్క ముండమోసి తన ఇంటికే వస్తాదని వాడికి భయం. నీకేం భయం? ఏడాది తిరిగితే ఇంకో సంబంధం."

రెండు నెలల్లో మొదటిసారి వదిన నవ్వింది.

"ఈయమ్మకు ఏమన్నా అయితే ఎవరికి ఎక్కువ కష్టం?" అని అడిగినాడు గైడన్న.

"ఇంకెవరికి, నాకే" అనింది వదిన. "వీణ్ణీ, ఇద్దరు బిడ్డల్నీ ఎవరు సాకాల? ఈ వయసులో నేను మళ్ళీ పొయ్యి కాడ కూర్చోవాల."

"అయితే తాడు నీదక్కా. ఒకసారి లాగితే బాగున్నట్టు. గబగబా లాగితే పైకి తియ్. ఎంత గబగబా లాగినా నువ్వు మాత్రం నిదానంగా తియ్."

సిలిండరు ఆయన దగ్గర ఒకటే ఉండేది. అది నాకు కట్టి, ఆయన వట్టి ఊపిరితో దిగినాడు. రెండు నిలువుల లోతు. ఆయన నాతో కొంతసేపు ఉండడం, ఊపిరి కోసం పైకి పోయి రావడం.

పగడం చూసినాను. నగల అంగట్లోలాగా ఎర్రగా లేదు, సీసాలోలాగా తెల్లగా లేదు. రాగిసంగటి రంగులో ఉండాది. దాని మీద ఆవగింజంత నోళ్ళు వందలుగా తెరుచుకుని ఊగుతున్నాయి. ఇరవై ఏళ్ళు చెప్పింది అబద్ధం కాదు, ప్రాణే. నాకు తెలియకుండానే నవ్వినాను. బుగ్గలు ముడుచుకుని అద్దంలోకి నీళ్ళొచ్చినాయి. ముక్కులోకి ఉప్పునీళ్ళు. అప్పుడే గైడన్న ఊపిరికి పైకి పోయి ఉన్నాడు. చదువంతా ఒక్క క్షణంలో పోయింది. గాలి బిగబట్టి తాడును ఎడాపెడా లాగినాను.

పైన జరిగింది తర్వాత తెలిసింది. మా ఆయన "లాగక్కా, చచ్చిపోతాది, తొందరగా లాగు" అని తాడు మీద పడినాడంట. వదిన మోచేత్తో ఆయన్ని పక్కకు నెట్టి, "అడ్డం రాకురా" అని, జానెడు తర్వాత జానెడు తీసిందంట.

కింద నాకు తెలిసింది ఇంతే. తాడు నన్ను నిదానంగా ఎత్తుతోంది. గైడన్న ముఖం నా ముఖం ఎదురుగా వచ్చింది. ఆయన నా కడుపు మీద రెండు వేళ్ళతో తట్టి, పెదాలు గుండ్రంగా చుట్టి, ఊదినాడు. ఆయన నోట్లోంచి బుడగలు వరసగా పైకి పోయినాయి. ఎట్లా వదలాలో నాకు చూపించడానికి, తన దగ్గరున్న పిడికెడు గాలినీ ఖర్చు పెట్టినాడు. ఆయన్ని చూసి నేను ఊదినాను. ఊదుతూనే వెలుతురులోకి వచ్చినాను.

వదిన నన్ను పడవలోకి లాక్కుని, తల తుడిచి, "చూసినావా?" అనింది.

"చూసినాను వదినా."

"అయితే ఇంక సీసాలు వంటింట్లోకి తేవద్దు."

వచ్చేసే రోజు గైడన్నతో, "ఆ బావమరిది ఆచారం మంచిది, నన్ను బతికించింది" అన్నాను.

ఆయన గొట్టం కడుక్కుంటూ నవ్వినాడు. "ఆచారం ఉండాదిలేమ్మా. కానీ ఆ మాట నీ మొగుడు చిన్నబుచ్చుకోకూడదని చెప్పినాను. ఈ మంచినీళ్ళు నేను మీ సత్రం బావిలోనే తోడుకుంటా. రెండు పొద్దులు చూసినాను. ఆయన కడవ లాగితే సగం నీళ్ళు బావిలోకే పోతాయి. ఆయక్క తోడితే చుక్క కారదు."

ఆ మాట ఇన్నేళ్ళూ మా ఆయనకు చెప్పలేదు. ఇప్పుడు చదివి తెలుసుకుంటాడు.

కార్డు వచ్చినప్పుడు వదిన పెరట్లో నీళ్ళు తోడుతోంది. డెబ్బై దాటినా ఆ పని ఇంకొకరికి ఇవ్వదు. గైడన్న పోయినాడని చెప్పినాను.

"నీళ్ళల్లోనా?"

"కాదు వదినా. ఇంట్లో. మంచం మీద."

గిలక చప్పుడు ఆగింది. కడవ బావి మధ్యలో, తాడు ఆమె రెండు చేతుల్లో. తర్వాత నోరు గుండ్రంగా చేసి ఒక్కసారి ఊపిరి ఊదింది. గిలక మళ్ళీ కదిలింది, జానెడు తర్వాత జానెడు. కడవ అంచుదాకా నిండి, చుక్క కారకుండా, వెలుతురులోకి వచ్చింది.