ఎలియాజరుగారి తనిఖీ

గరాజుల్లో సొంతంగా విమానాలు తయారుచేసుకునేవాళ్ళు ఏటా వాటిలోనే ఎగిరొచ్చి కెనడాలోని ఒషావా దగ్గర కలుస్తారు. అక్కడ భద్రతా పాఠం చెప్పేది రిటైర్డ్ ఇంజనీరు ఎలియాజరుగారు. చేతిలో టార్చి వదలరు. ఎవరి విమానం కనబడినా మోకాళ్ళు పట్టుకుని మూలుగుతూ రెక్క కింద దూరతారు, పెదవి విరుస్తూ బయటికొస్తారు. "మూత బిగించేముందు టూల్స్ లెక్కపెట్టుకోండి" అన్నది ఆయన పల్లవి.

ఈసారి తన విమానం రెక్క మూతనే విప్పి చూపించారు. లోపల కళ్ళజోడొకటి తళుక్కుమంది. ఆయన గొంతు సవరించుకుని, "ఇలాంటివి ఉంటాయనే చెక్ చేయమనేది" అన్నారు.

వెనక వరసలోంచి ఆయన భార్య మార్తాగారు లేచారు.

"అది నేనే పారేశానని రెండేళ్ళుగా సాధిస్తున్నారు. ఆ టార్చి ఇటివ్వండి. జిగురు కలపడానికి పట్టుకెళ్ళిన నా పోపుగరిటె కూడా అందులోనే ఉండుంటుంది."